ఎర్రర్ కోడ్ మాట చివరిదాకా విందాం



బ్యాంకు కౌంటర్ దగ్గరో, మీసేవ కేంద్రంలోనో, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి" అన్న మాట వినని వాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో అరుదు. పని మానుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని వచ్చినవాళ్ళు ఆ ఒక్క మాటతో వెనక్కి తిరుగుతారు. అలా చెప్పిన ఉద్యోగి తప్పేమీ లేదు, ఆయన ముందున్న తెర మీద కనబడింది అంతే. కానీ ఆ తెర వెనుక ఉన్న కంప్యూటర్లు ఆ క్షణంలో అంతకంటే చాలా స్పష్టంగా మాట్లాడి ఉంటాయి. పని ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక సంఖ్యతో సహా చెప్పి ఉంటాయి. ఆ సంఖ్యే ఎర్రర్ కోడ్. దాన్ని ఎలా చదవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

ఈ మాటలు ముఖ్యంగా ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం. అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చేస్తున్న విద్యార్థులు, చిన్న కంపెనీలో ఒక్కరే అన్ని సర్వర్లూ చూసుకుంటున్నవాళ్ళు, గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు, అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తెరిచేవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కనెక్షన్ కుదరనప్పుడు వచ్చే ఎర్రర్, మన అభ్యర్థన ఎంత దూరం వెళ్ళి ఆగిందో చెబుతుంది. దాన్ని చివరి అక్షరం దాకా చదివి, అది చూపిన చోటే వెతకాలి. చదవకుండా రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి పని నడుస్తుంది. కానీ కారణం అక్కడే ఉంటుంది, మళ్ళీ వస్తుంది.

ఒక అప్లికేషన్ డేటాబేస్‌తో మాట కలపాలంటే కొన్ని పనులు వరుసగా జరగాలి. ముందు డేటాబేస్ పేరును బట్టి అది ఏ కంప్యూటర్‌లో ఉందో తెలియాలి. ఆ కంప్యూటర్ దాకా నెట్‌వర్క్ దారి ఉండాలి. అక్కడ సరైన పోర్ట్ మీద ఎవరో వింటూ ఉండాలి. మనం అడిగిన డేటాబేస్ అక్కడ నడుస్తూ ఉండాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిపోవాలి. చివరగా, ఇంకొక కనెక్షన్‌కు అక్కడ చోటుండాలి. ఇన్నీ దాటాకే మన ప్రశ్న డేటాబేస్‌కు చేరుతుంది. వీటిలో ఏది విఫలమైనా దానికో ప్రత్యేకమైన ఎర్రర్ ఉంది. వరుసగా చూద్దాం.

మొదటిది పేరు. ఒరాకిల్ డేటాబేస్ వాడేవాళ్ళకు ఓరా-12154 చిరపరిచితం. ఇది రాగానే డేటాబేస్ పడిపోయిందని చాలామంది కంగారు పడతారు. నిజానికి ఈ ఎర్రర్ వచ్చిందంటే అభ్యర్థన మన కంప్యూటర్‌ను దాటి బయటకే వెళ్ళలేదు. మనం ఇచ్చిన పేరుకు చిరునామా ఏమిటో మన వైపే దొరకలేదు. కాబట్టి చూడాల్సింది మన దగ్గరున్న టీఎన్ఎస్ నేమ్స్ ఫైల్. అందులో పేరు ఒక అక్షరం తేడాగా ఉండవచ్చు, ఒక బ్రాకెట్ తప్పిపోయి ఉండవచ్చు. ఒకే కంప్యూటర్‌లో ఒరాకిల్ రెండుసార్లు ఇన్‌స్టాల్ అయి ఉంటే, మనం సరిదిద్దుతున్న ఫైల్ ఒకటి, అది చదువుతున్న ఫైల్ మరొకటి కావచ్చు. మై ఎస్‌క్యూఎల్‌లో 2005 కూడా ఇలాంటిదే: ఆ పేరున్న సర్వర్ ఎక్కడుందో తెలియలేదని అర్థం. ఈ రెండింటిలో ఏది వచ్చినా డేటాబేస్ సర్వర్‌ను ముట్టుకోనక్కర్లేదు.

రెండోది దారి. ఇక్కడ రెండు మాటల తేడా బాగా తెలియాలి: కనెక్షన్ రిఫ్యూజ్డ్, కనెక్షన్ టైమ్డ్ అవుట్. ఫోన్ చేసినప్పుడు అవతల వెంటనే కట్ చేయడం వేరు, ఎంతసేపటికీ ఏ జవాబూ రాకపోవడం వేరు కదా. అలాగే ఇదీ. రిఫ్యూజ్డ్ అంటే మన అభ్యర్థన ఆ కంప్యూటర్‌కు చేరింది, కానీ ఆ పోర్ట్ మీద వినేవాళ్ళు లేరని అది వెంటనే తిప్పి పంపింది. టైమ్డ్ అవుట్ అంటే మనం పంపినదానికి ఏ సమాధానమూ రాలేదు. మధ్యలో ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా మింగేసి ఉండవచ్చు, ఐపీ చిరునామా తప్పు కావచ్చు, అసలు ఆ యంత్రమే ఆగిపోయి ఉండవచ్చు. లినక్స్‌లో మొదటిదానికి 111, రెండోదానికి 110. విండోస్‌లో 10061, 10060. మై ఎస్‌క్యూఎల్ 2003 ఎర్రర్ వచ్చినప్పుడు చివర బ్రాకెట్లో ఈ చిన్న సంఖ్య కూడా ఉంటుంది. చాలామంది 2003 దాకా చదివి ఆగిపోతారు. అసలు సంగతి ఆ చివరి సంఖ్యలో ఉంది. సాధారణంగా రిఫ్యూజ్డ్ వస్తే సర్వర్ మీద వెతకాలి, టైమ్డ్ అవుట్ వస్తే దారిలో వెతకాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే నెట్‌వర్క్ వాళ్ళూ డేటాబేస్ వాళ్ళూ ఒకరినొకరు అనుకుంటూ పొద్దు పుచ్చే అవసరం తప్పుతుంది.

మూడోది పోర్ట్. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా 3306 మీద, పోస్ట్‌గ్రెస్ 5432 మీద, ఒరాకిల్ 1521 మీద, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 మీద వింటాయి. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, అదే యంత్రంలో కూర్చుని కలిపితే కలుస్తుంది, పక్క యంత్రం నుంచి మాత్రం రిఫ్యూజ్డ్ వస్తుంది. దీనికి తరచుగా కారణం ఒక్క సెట్టింగ్. పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేసిన కొత్తలో తన సొంత యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే వింటుంది. లిజన్ అడ్రసెస్ అన్న సెట్టింగ్ మారిస్తే తప్ప బయటివాళ్ళకు పలకదు. మై ఎస్‌క్యూఎల్‌లో బైండ్ అడ్రస్ అన్నది అదే పని చేస్తుంది. ఇది లోపం కాదు, జాగ్రత్త కోసం పెట్టిన ఏర్పాటు.

మై ఎస్‌క్యూఎల్‌లో ఇంకొక చిక్కు ఉంది. లినక్స్ యంత్రంలో లోకల్‌హోస్ట్ అని రాస్తే అది నెట్‌వర్క్ మీదుగా వెళ్ళదు, సాకెట్ ఫైల్ ద్వారా వెళుతుంది. 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ దారిన వెళుతుంది. ఎర్రర్ 2002 వచ్చి, అందులో సాకెట్ అన్న మాట కనిపిస్తే, ఒకటి సర్వర్ నడవకపోవడం, లేదా ఆ ఫైల్ ఒకచోట ఉంటే మన ప్రోగ్రామ్ మరోచోట వెతకడం. అప్పుడు ఫైర్‌వాల్ సెట్టింగులు ఎంతసేపు తిప్పినా ఫలితం ఉండదు. ఆ అభ్యర్థన అసలు ఫైర్‌వాల్ వైపే పోలేదు.

ఒరాకిల్‌లో పోర్ట్ మీద వినే పని లిజనర్ అన్న వేరే ప్రోగ్రామ్‌ది. ఓరా-12541 అంటే లిజనర్ లేదు. ఓరా-12514 అంటే లిజనర్ ఉంది, పలికింది కూడా, కానీ మీరు అడిగిన సర్వీస్ తనకు ఇంకా తెలియదంటోంది. రెండూ చూడటానికి దగ్గరగా ఉన్నా చేయాల్సిన పనులు వేరు. డేటాబేస్ స్టార్ట్ అయ్యాక తన పేరు తనే లిజనర్ దగ్గర నమోదు చేసుకుంటుంది. అందుకు ఒక నిమిషం దాకా పట్టవచ్చు. కరెంటు పోయి వచ్చాక లిజనర్ తనంతట తాను లేచి, డేటాబేస్ లేవకపోతే కనబడేదీ 12514నే. అప్పుడు లిజనర్‌ను పదేపదే ఆపి నడపడం దండగ. డేటాబేస్ లేచిందా లేదా చూడాలి.

పోస్ట్‌గ్రెస్‌లో 57పీ03 అన్న కోడ్ గురించి ఇక్కడే చెప్పాలి. డేటాబేస్ ఇప్పుడే లేస్తోంది, ఇంకా కనెక్షన్లు తీసుకోలేనని దాని భావం. సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, తిరిగి లేచేటప్పుడు అది తన లాగ్ చదువుకుంటూ, రాయడం పూర్తికాని మార్పులను సరిచేసుకుంటుంది. పెద్ద డేటాబేస్ అయితే దానికి సమయం పడుతుంది. ఆ సమయంలో ఓపిక లేక మళ్ళీ ఆపేసి స్టార్ట్ చేస్తే ఆ పని మళ్ళీ మొదలవుతుంది. కొన్ని ఎర్రర్లకు సరైన చికిత్స లాగ్ చూస్తూ ఆగడమే.

పోర్ట్ విషయంలోనే ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్ళకు ఎర్రర్ 26 ఎదురవుతుంది. సర్వర్ ఇన్‌స్టెన్స్ ఎక్కడుందో కనుక్కోలేకపోయానని దాని అర్థం. పేరు పెట్టిన ఇన్‌స్టెన్స్‌లు ఏ పోర్ట్ మీద ఉన్నాయో చెప్పేది బ్రౌజర్ సర్వీస్. అది యూడీపీ 1434 పోర్ట్ మీద పలుకుతుంది. అది ఆగిపోయినా, ఫైర్‌వాల్ ఆ పోర్ట్‌ను మూసినా ఈ ఎర్రర్ వస్తుంది. చాలా సంస్థలు ఆ పోర్ట్‌ను బయటివైపు గట్టిగా మూసి ఉంచడానికి చరిత్రలో కారణం ఉంది. 2003 జనవరి 25న స్లామర్ అన్న వైరస్ తరహా ప్రోగ్రామ్ సరిగ్గా ఈ 1434 పోర్ట్ గుండానే వ్యాపించింది. దాదాపు పది నిమిషాల్లో ప్రపంచమంతటా, సోకడానికి వీలున్న సర్వర్లలో చాలా భాగాన్ని పట్టేసింది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆరు నెలల ముందే విడుదల చేసింది. అయినా వేయనివాళ్ళు నష్టపోయారు. అందుకే కనెక్షన్ కుదిరితే చాలు అనుకుని ఫైర్‌వాల్ మొత్తం తీసేసి చూడటం మంచి పరీక్ష కాదు. పోర్ట్ నంబరును కనెక్షన్‌లోనే నేరుగా రాసేస్తే బ్రౌజర్ సర్వీస్ అవసరమే ఉండదు. కావలసిన ఒక్క పోర్ట్, కావలసిన ఒక్క చిరునామాకు తెరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు గుర్తింపు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పుకోదగ్గది. మై ఎస్‌క్యూఎల్‌లో 1045 రాగానే పాస్‌వర్డ్ తప్పని అనుకుని దాన్ని మార్చేస్తారు. ఆ సందేశాన్ని పూర్తిగా చదివితే మూడు విషయాలుంటాయి. ఏ యూజర్, ఏ యంత్రం నుంచి వచ్చినట్టు సర్వర్ అనుకుంటోంది, పాస్‌వర్డ్ అసలు వచ్చిందా రాలేదా. చివర యూజింగ్ పాస్‌వర్డ్ నో అని ఉంటే, పాస్‌వర్డ్ తప్పు కాదు, మన అప్లికేషన్ పాస్‌వర్డ్ పంపనే లేదు. అది కాన్ఫిగరేషన్ ఫైల్ చదవలేదేమో చూడాలి. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది తీరదు. ఇక యంత్రం సంగతి. మై ఎస్‌క్యూఎల్‌కు యూజర్ అంటే పేరొక్కటే కాదు, పేరూ వచ్చిన చోటూ కలిపి. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే రవి, వేరే యంత్రం నుంచి వచ్చే రవి దాని దృష్టిలో ఇద్దరు. ఒకరికి అనుమతి ఉండి మరొకరికి లేకపోవచ్చు. 2018లో వచ్చిన మై ఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిని కూడా మార్చింది. అప్పుడు పాత ప్రోగ్రాములకు పాస్‌వర్డ్ సరైనదే అయినా 2059 ఎర్రర్ వచ్చేది. అక్కడ చేయాల్సింది ఆ ప్రోగ్రామ్ వాడే డ్రైవర్‌ను కొత్తది చేయడం.

పోస్ట్‌గ్రెస్‌లో 28పీ01 అంటే పాస్‌వర్డ్ కుదరలేదు. కానీ పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో ఎంట్రీ లేదని వస్తే అది వేరే సంగతి. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ డేటాబేస్‌కు రావచ్చో రాసి ఉంచే జాబితా అది. ఆ జాబితాలో మీ చిరునామా లేదు కాబట్టి పాస్‌వర్డ్ దాకా పోనే లేదు. ఆ ఎర్రర్‌లోనే మీ ఐపీ, యూజర్, డేటాబేస్ పేర్లు ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఆ ఫైల్‌లో ఒక వరుసగా రాసి, రీలోడ్ చేస్తే చాలు. సర్వర్‌ను ఆపనక్కర్లేదు. ప్రపంచంలో ఏ చిరునామా నుంచి ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా రావచ్చని రాసే వరుస ఒకటి తొందరలో చాలామంది పెడతారు. దయచేసి అది చేయకండి.

ఒరాకిల్‌లో ఓరా-01017 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. ఓరా-28000 అంటే అకౌంట్ లాక్ అయింది. ఓరా-28001 అంటే పాస్‌వర్డ్ గడువు ముగిసింది. 11జీ వెర్షన్ నుంచి ఒరాకిల్ మామూలు ప్రొఫైల్‌లో పాస్‌వర్డ్ గడువు 180 రోజులు. అంటే ఒక అప్లికేషన్ పెట్టిన ఆరు నెలలకు, ఎవరూ ఏదీ ముట్టుకోకపోయినా, ఒక ఉదయం ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఇక లాక్ సంగతి. వరుసగా 10 తప్పు ప్రయత్నాలకు అకౌంట్ లాక్ అవుతుంది. పాస్‌వర్డ్ మార్చారు, అప్లికేషన్‌లో కూడా మార్చారు, అయినా అకౌంట్ లాక్ అవుతూనే ఉంది. లాక్ తీస్తారు, కాసేపటికి మళ్ళీ పడుతుంది. ఎక్కడో ఒక పాత రిపోర్టు స్క్రిప్టు పాత పాస్‌వర్డ్‌తో అడుగుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా లాక్ తీయడమే పనిగా పెట్టుకుంటే ఆ పనికి అంతుండదు. ఏ యంత్రం నుంచి ఆ తప్పు ప్రయత్నాలు వస్తున్నాయో లిజనర్ లాగ్‌లో, ఆడిట్ రికార్డుల్లో వెతకాలి.

గుర్తింపు విషయంలో ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. డేటాబేస్ తనకు తెలిసిందంతా వచ్చినవాడికి చెప్పదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 18456 అంటే లాగిన్ కుదరలేదని. దానితోపాటు స్టేట్ అని ఒక చిన్న సంఖ్య వస్తుంది. కనెక్ట్ అవ్వబోయినవాడికి అది మామూలుగా 1 అనే కనబడుతుంది. కానీ సర్వర్ సొంత ఎర్రర్ లాగ్‌లో అసలు సంఖ్య ఉంటుంది. 5 అయితే అలాంటి యూజర్ లేడు, 8 అయితే పాస్‌వర్డ్ సరిపోలేదు. ఇలా దాచడం కావాలని చేసిందే. యూజర్ పేరు సరైనదే, పాస్‌వర్డే తప్పు అని చెబితే దొంగకు సగం పని చేసిపెట్టినట్టే. కాబట్టి అసలు కారణం సర్వర్ వైపు లాగ్‌లో చదవాలి. ఒరాకిల్‌లో దాన్ని అలర్ట్ లాగ్ అంటారు. మిగతావాటికీ తమ తమ ఎర్రర్ లాగ్‌లున్నాయి. కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ ఫైళ్ళు ఎక్కడున్నాయో రాసి పెట్టుకోండి. ఆపద వచ్చాక వెతుక్కునే తీరిక ఉండదు.

లాగ్ చదివేటప్పుడు గడియారం సంగతి కూడా. చాలా సర్వర్లు యూటీసీ సమయంలో రాస్తాయి. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 10:30కు మీ ఆఫీసులో వచ్చిన ఎర్రర్ ఆ లాగ్‌లో 05:00 దగ్గర ఉంటుంది. 10:30 దగ్గర వెతికి ఏమీ లేదని మూసేసేవాళ్ళు ఎందరో.

తర్వాతది చోటు. మై ఎస్‌క్యూఎల్ 1040, పోస్ట్‌గ్రెస్ 53300, ఒరాకిల్ ఓరా-00020, ఇవన్నీ ఇక చోటు లేదనేవే. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా 151 కనెక్షన్లు తీసుకుంటుంది. ఆపైన ఒకటి అడ్మిన్ కోసం విడిగా ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు మామూలు పరిమితి 100, అందులో మూడు సూపర్ యూజర్ల కోసం. నిండిపోయినప్పుడు నిర్వాహకుడు లోపలికి వచ్చి చూడగలగాలని ఈ ఏర్పాటు. అందుకే అప్లికేషన్‌కు ఎప్పుడూ అడ్మిన్ లేదా రూట్ అకౌంట్ ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఆఖరి చోటునూ అప్లికేషనే ఆక్రమిస్తుంది. అప్పుడు మీకే లోపలికి దారి ఉండదు.

1040 రాగానే పరిమితి పెంచేయడం అలవాటు. అంతకుముందు ఒక లెక్క వేయండి. అప్లికేషన్ సర్వర్లు పది ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 20 కనెక్షన్ల పూల్, అంటే ముందే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల గుంపు, పెట్టుకుంది. మొత్తం 200. పరిమితి 151. జనం తక్కువగా ఉన్న రోజుల్లో ఏమీ కాదు. ఫలితాలు వచ్చిన రోజో, గడువు చివరి రోజో అన్నీ ఒకేసారి తమ వాటా అడుగుతాయి, అప్పుడు బయటపడుతుంది. లెక్క సరిపోయినా నిండిపోతుంటే, లోపల కూర్చున్నవి ఏం చేస్తున్నాయో చూడాలి. మై ఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ ఆ పని చేస్తాయి. తరచుగా కనబడేది ఏమిటంటే, ఎక్కువ భాగం ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉంటాయి. ప్రోగ్రామ్‌లో ఎక్కడో కనెక్షన్ తీసుకుని, మధ్యలో ఏదో ఎర్రర్ వస్తే తిరిగి ఇవ్వకుండా వదిలేశారు. లేదా ఒక నెమ్మది ప్రశ్న పట్టికకు తాళం వేసి కూర్చుంటే వెనుక మిగతావన్నీ ఆగిపోయాయి. ఈ రెండింటికీ పరిమితి పెంచడం మందు కాదు. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పెడుతుంది. హద్దు లేకుండా పెంచితే మెమరీ అయిపోయి మొత్తం సర్వరే పడిపోతుంది.

ఒరాకిల్‌లో ఓరా-00257 కూడా కనెక్షన్ సమస్యలాగే కనబడుతుంది. మామూలు యూజర్లు ఎవరు లాగిన్ అవ్వబోయినా కుదరదు. కారణం మాత్రం డిస్క్. ఆర్కైవ్ లాగ్‌లు దాచే చోటు నిండిపోయింది. పాత ఫైళ్ళను చేత్తో తుడిచేయడం ప్రమాదం, రేపు బ్యాకప్ నుంచి తేవాల్సి వస్తే అవే కావాలి. ఒరాకిల్ బ్యాకప్ సాధనమైన ఆర్‌మాన్ ద్వారా, బ్యాకప్ అయినవాటినే తీసేయాలి.

కనెక్షన్ కుదిరాక మధ్యలో తెగిపోవడం చివరి రకం. మై ఎస్‌క్యూఎల్‌లో 2006 అంటే సర్వర్ వెళ్ళిపోయిందని, 2013 అంటే ప్రశ్న మధ్యలో కనెక్షన్ పోయిందని. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా 28800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మూసేస్తుంది. రాత్రంతా ఎవరూ వాడరు. ఉదయం ఆఫీసు తెరవగానే మొదట వచ్చినవారికి ఎర్రర్, రెండోసారి నొక్కితే పని జరిగిపోతుంది. రోజూ పొద్దున్నే ఇలా జరుగుతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. పూల్ ఇచ్చే ముందు ప్రతి కనెక్షన్ బతికి ఉందో లేదో చూసేలా, సర్వర్ మూసేలోపే పాతవాటిని మార్చేలా పెట్టాలి. పెద్ద స్కాన్ కాపీలు అప్‌లోడ్ చేసేటప్పుడే 2006 వస్తుంటే, ఒకేసారి పంపగల ప్యాకెట్ పరిమితి చూడాలి. ఒరాకిల్‌లో ఓరా-03113 వస్తే అవతల మనకోసం పనిచేస్తున్న ప్రాసెస్ ఆగిపోయిందో, మధ్యలో దారి తెగిందో. అలర్ట్ లాగ్‌లో ఆ సమయం దగ్గర చూస్తే ఏదో తెలుస్తుంది.

ఇన్ని సంఖ్యలు ఎలా గుర్తుంటాయి అని మీరు అడగవచ్చు. అన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఎస్‌క్యూఎల్ స్టేట్ అన్న అయిదు అక్షరాల కోడ్‌ను తెచ్చింది. అందులో మొదటి రెండు అక్షరాలు జాతిని చెబుతాయి. 08 అంటే కనెక్షన్ గొడవ. 28 అంటే గుర్తింపు. 23 అంటే డేటా నియమం ఉల్లంఘన. 40 అంటే లావాదేవీని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో 53 అంటే వనరులు చాలలేదు. ప్రోగ్రామ్ రాసేవాళ్ళు సందేశంలోని ఇంగ్లీషు మాటలను వెతకకుండా ఈ కోడ్‌ను చూసి నిర్ణయం తీసుకోవాలి. మాటలు వెర్షన్‌ను బట్టి, భాషను బట్టి మారుతాయి, కోడ్ నిలకడగా ఉంటుంది. 40 జాతి వస్తే మొత్తం లావాదేవీని కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. 28 వస్తే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకూడదు, అకౌంట్ లాక్ కావచ్చు.

ఎర్రర్ చెప్పినా వినేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. గిట్‌ల్యాబ్ అన్న సంస్థలో 2017 జనవరి 31న జరిగింది. జరిగినదాన్నంతా వాళ్ళే దాపరికం లేకుండా ప్రపంచానికి చెప్పారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. ఆ రోజు డేటాబేస్ మీద భారం పెరిగి, రెండో సర్వర్‌కు కాపీ వెళ్ళడం ఆగిపోయింది. దాన్ని సరిచేయబోతే, కాపీ పంపే ప్రాసెస్‌లు చాలవని పోస్ట్‌గ్రెస్ ఫిర్యాదు చేసింది. ఆ సెట్టింగ్ పెంచి రీస్టార్ట్ చేయబోతే, కనెక్షన్ల పరిమితి 8000 పెట్టి ఉండటంతో అది లేవనంది. 2000కు తగ్గించాకే లేచింది. తర్వాత కాపీ ఆదేశం ఇచ్చారు. ఏ సందేశమూ లేకుండా అది అలా ఉండిపోయింది. నిజానికి అది మొదటి సర్వర్ పంపే డేటా కోసం ఎదురుచూస్తోంది. కానీ పైకి ఆ మాట చెప్పలేదు. రాత్రి దాకా పనిచేస్తున్న ఇంజనీరు, పాత ఫైళ్ళు అడ్డొస్తున్నాయేమోనని డైరెక్టరీని తీసేశారు. అది రెండో సర్వర్‌లోది అనుకున్నారు, కానీ మొదటి సర్వర్‌లోది. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపేసరికి దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మాత్రమే మిగిలింది.

బ్యాకప్ ఉంటుంది కదా అని వెళితే అక్కడ ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ 9.2ది, సర్వర్ 9.6ది. వెర్షన్లు కుదరక అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతూ ఉంది. ఆ ఎర్రర్లు ఈమెయిల్‌గా వెళుతూనే ఉన్నాయి. కానీ ఆ మెయిళ్ళకు కావలసిన సంతకం లేక అవతల మెయిల్ సర్వర్ తిప్పి కొడుతోంది. పరీక్షల కోసం ఒక ఇంజనీరు సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒకరి చేతి పొరపాటు గురించి కాదు. డేటాబేస్ తన బాధ చెబుతూనే ఉంది, అది మనిషి చెవికి చేరే దారి మూసుకుపోయింది. మీ ఆఫీసులో బ్యాకప్ విఫలమైతే ఆ కబురు ఎవరికి చేరుతుంది? నిజంగా చేరుతుందా? ఈ వారమే ఒకసారి పరీక్షించండి. ఆ బ్యాకప్‌ను వేరే యంత్రంలో తిరిగి పెట్టి చూడండి.

ఇక పద్ధతి. ఎర్రర్ రాగానే ముందు దాన్ని పూర్తిగా కాపీ చేసి పెట్టండి, ఫొటో తీసినా సరే. సమయం రాయండి. ఏ యంత్రం నుంచి వచ్చిందో రాయండి. అందరికీ వస్తోందా, ఒక్కరికేనా అడగండి. ఒక్కరికే అయితే వాళ్ళ వైపు చూడాలి, అందరికీ అయితే సర్వర్ వైపు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అడగండి: పాస్‌వర్డా, సర్టిఫికెట్టా, ఫైర్‌వాల్ నియమమా, కొత్త వెర్షనా. అప్పుడు ఒక్క మార్పు చేయండి, ఫలితం చూడండి, పనిచేయకపోతే దాన్ని వెనక్కి తీసుకుని తర్వాతది చూడండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, ఏది కొత్త గొడవ తెచ్చిందో కూడా తెలియదు. సాయం కోసం ఎర్రర్‌ను ఎవరికైనా పంపేటప్పుడు పాస్‌వర్డులు, ఐపీలు చెరిపి పంపండి. తీరాక ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో ఆఫీసు రిజిస్టర్‌లో రాయండి, తెలుగులో రాసినా సరే. మీ తర్వాత రాత్రి డ్యూటీకి వచ్చే వాళ్ళకు అది ఎంతో మేలు.

ప్రోగ్రాములు రాసే మిత్రులకు నాదొక విన్నపం. డేటాబేస్ ఇచ్చిన కోడ్‌ను మింగేసి, ఏదో పొరపాటు జరిగింది అని మాత్రం తెర మీద చూపకండి. లోపలి వివరాలన్నీ జనానికి చూపడం కూడా ప్రమాదమే, అది నిజం. కాబట్టి అసలు ఎర్రర్‌ను లాగ్‌లో పూర్తిగా రాయండి. తెర మీద ఒక చిన్న గుర్తింపు సంఖ్య, కాసేపాగి ప్రయత్నించమనో, ఫలానా వారికి చెప్పమనో ఒక తెలుగు వాక్యం చూపండి. ఆ సంఖ్యతో లాగ్‌లో నిమిషంలో వెతికే వీలుంటుంది. అప్పుడు కౌంటర్‌లోని ఉద్యోగి ఎదుటి మనిషితో పది నిమిషాలు కూర్చోండి అనాలో, రేపు రండి అనాలో తెలిసి చెప్పగలుగుతారు. పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మకు, ఫీజు గడువు చివరి రోజున వచ్చిన విద్యార్థికి ఆ తేడా చాలా పెద్దది.

యంత్రం తనకు తెలిసినంత నిజం చెబుతుంది. ఆ నిజాన్ని చదవడం, అవసరమైనవారికి అందించడం మన వృత్తి ధర్మం. వచ్చేసారి ఎర్రర్ కనబడినప్పుడు రీస్టార్ట్ బటన్ మీద చేయి వేసే ముందు ఒక్క నిమిషం ఆ సందేశాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. అందులో ఉన్న కోడ్‌ను, బ్రాకెట్లో ఉన్న సంఖ్యతో సహా, కాగితం మీద రాసుకోండి. పని అక్కడ మొదలుపెట్టండి.